నేలవైపు గురిపెట్టిన కోట: స్కాట్లండ్‌లోని ఫోర్ట్ జార్జ్ బ్యారక్స్



మా మాస్టారు కోటల గురించి పాఠం చెప్పేటప్పుడు కట్టించిన రాజు పేరుతో మొదలుపెట్టేవారు కాదు. గోడ ఏ వైపు మందంగా ఉంది, ఫిరంగులు ఎటు చూస్తున్నాయి, మందుగుండు ఎక్కడ దాచారు, కాపలావాడు ఎక్కడ పడుకుంటాడు, ముందు ఈ నాలుగూ కనుక్కోమనేవారు. కట్టించినవాడి గొప్ప శాసనంలో దొరుకుతుంది గాని, అతని భయం గోడలోనే దొరుకుతుందని ఆయన నమ్మకం. ఆయన పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నేను ఎంచుకున్నది మన గడ్డమీది కోట కాదు. ఉత్తర స్కాట్లండ్‌లో, మోరే ఫర్త్ అనే సముద్రపు పాయలోకి పొడుచుకువచ్చిన ఇసుక నేల మీద 1748లో మొదలై 1769లో పూర్తయిన ఫోర్ట్ జార్జ్. పేరుకు కోటే గాని, పుట్టిన నాటి నుంచీ దాని అసలు పని పటాలాలకు బస ఇవ్వడం. మూడు వైపులా సముద్రం ఉన్న ఆ కోటకు అన్నిటికంటే బలమైన రక్షణ నాలుగో వైపున, నేల మీద ఉంది. కట్టించిన ప్రభుత్వం ఓడల్లో వచ్చే పరాయివాళ్ళను కూడా లెక్కలోకి తీసుకుంది. కానీ ఎక్కువ భయపడ్డది తాను పాలిస్తున్న జనానికే.

ఆ భయం కథ కొంచెం వెనక నుంచి చెప్పుకోవాలి. 1688లో స్టూవర్ట్ వంశపు రాజు సింహాసనం పోగొట్టుకున్నాడు. 1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ పార్లమెంట్లు ఒకటయ్యాయి. పాత వంశాన్ని తిరిగి గద్దె ఎక్కించాలనుకున్నవాళ్ళను జాకొబైట్లు అన్నారు. వాళ్ళకు ఆయుధాలు పట్టిన మనుషులు ఎక్కువగా దొరికింది హైలాండ్స్‌లో, అంటే స్కాట్లండ్ ఉత్తర, పడమటి కొండసీమలో. అక్కడ గేలిక్ భాష మాట్లాడే తెగలు, తమ పెద్ద పిలిస్తే కత్తి తీసుకుని వచ్చే రైతులు. 1715లో పెద్ద తిరుగుబాటు జరిగింది. దాన్ని అణిచాక లండన్ ప్రభుత్వానికి ఎదురైన చిక్కు, సైన్యాన్ని అక్కడ ఎక్కడ ఉంచాలన్నది.

సైనికులకు విడిగా ఇళ్ళు కట్టడం అప్పటికి బ్రిటన్‌లో కొత్త సంగతి. పటాలం ఊళ్ళోకి వస్తే సిపాయిలను సత్రాల్లోనూ సారాయి దుకాణాల్లోనూ పంచేవారు. జనం ఆ బాధ పడలేక గోల పెట్టేవారు. హైలాండ్స్‌లో అలా పంచడానికి తగినన్ని సత్రాలు లేవు, ఉన్న ఇళ్ళు నమ్మదగ్గవి కావు. అందుకని 1719 ప్రాంతంలో నాలుగు చోట్ల పదాతి దళానికి బ్యారక్స్ మొదలుపెట్టారు: రూథ్వెన్, బెర్నెరా, ఇన్వర్‌స్నెయిడ్, కిల్లిహ్వైమెన్. ఫోర్ట్ జార్జ్ ఎందుకలా కట్టారో తెలియాలంటే వీటిలో రూథ్వెన్‌ను ఒకసారి దగ్గరగా చూడాలి.

కింగ్యూసీ ఊరి పక్కన, స్పే నది లోయలో ఒక గుండ్రటి దిబ్బ మీద రూథ్వెన్ మొండిగోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అంతకుముందు ఆ దిబ్బ మీద మధ్యయుగపు కోట ఉండేది. ఇంజనీర్లు దాన్ని తీసేసి నలుచదరపు ఆవరణ కట్టారు. లోపల ఎదురెదురుగా రెండు మూడంతస్తుల భవనాలు. ఒక్కో అంతస్తుకు రెండు గదులు, గదికి పదిమంది, మంచానికి ఇద్దరు. మొత్తం 120 మంది, అంటే రెండు కంపెనీలు. రెండు మూలల్లో, ఒకదానికొకటి ఐమూలగా, బురుజుల్లాంటి గదులు ముందుకు వచ్చి ఉంటాయి, అక్కడ నిలబడినవాడు గోడ పొడవునా తుపాకీ కాల్చడానికి. ఆవరణ గోడకు లోపలివైపు వరసగా కమానులు, ఒక్కో కమాను కింద తుపాకీ పెట్టుకునే సన్నటి రంధ్రం, కమానుల నెత్తిన కాపలావాడు తిరిగే దారి. ఆ రంధ్రాల ముందు నిలబడితే కట్టిన ఇంజనీరు మనసు తెలుస్తుంది. ఎదుటివాడి చేతిలో కత్తో తుపాకో ఉంటుందని అతను లెక్క వేశాడు. ఫిరంగి ఉంటుందని వేయలేదు.

1724 తర్వాత జనరల్ వేడ్ వచ్చి ఈ బ్యారక్స్‌ను కలుపుతూ రెండు దశాబ్దాల్లోపే దాదాపు 250 మైళ్ళ రోడ్లు, 40 దాకా వంతెనలు వేయించాడు. 1734లో రూథ్వెన్ పక్కన గుర్రపుసాల కట్టించాడు, రోడ్లకు కాపలా కాసే రౌతుల కోసం. ఆ రోడ్ల మీద ముందుగా పెద్ద లాభం పొందింది ప్రభుత్వ శత్రువులే. 1745లో రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్ తిరుగుబాటు జెండా ఎత్తాక కొర్రియారిక్ కనుమ మీద వేడ్ వేసిన రోడ్డు మీదుగానే దక్షిణానికి దిగాడు. ఆ ఆగస్టు చివర్లో జాకొబైట్లు రూథ్వెన్‌ను ముట్టడించారు. లోపల సార్జెంట్ మొల్లాయ్ కింద పదిహేను మంది కూడా లేరు, బయట రెండు మూడు వందల మంది. సామానుతో సహా ప్రాణాలతో పొమ్మన్నా మొల్లాయ్ ఒప్పుకోలేదు. తలుపుకు నిప్పు పెట్టబోయిన వాళ్ళను కాల్చి తరిమాడు. అతని వైపు పోయింది ఒక్క ప్రాణం, గోడ మీదుగా తల మరీ పైకెత్తి చూసిన సిపాయిది. ఆ సార్జెంట్‌కు తర్వాత అధికారి హోదా దక్కింది. 1746 ఫిబ్రవరిలో మాత్రం జాకొబైట్లు ఫిరంగులతో వచ్చారు. మొల్లాయ్ మర్యాదగా షరతులు కుదుర్చుకుని లొంగిపోయాడు.

ఆ చలికాలంలోనే ఇంకో రెండు దెబ్బలు తగిలాయి. ఇన్వర్నెస్ పట్టణంలో కోటకొండ మీద వేడ్ కట్టించిన మొదటి ఫోర్ట్ జార్జ్ లొంగిపోయింది, జాకొబైట్లు దాన్ని పేల్చేశారు. మార్చిలో ఫోర్ట్ అగస్టస్ అనే ఇంకో ప్రభుత్వ కోట మీద పడ్డ గుండు ఒకటి సరిగ్గా మందుగుండు కొట్టు మీద పడి అది పేలిపోయింది. రెండు రోజుల్లో ఆ కోట కూడా చేయి జారింది. ఈ రెండో సంగతిని గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ పనికొస్తుంది.

ఏప్రిల్ 16న కల్లోడెన్ మైదానంలో గంట లోపే యుద్ధం ముగిసింది. ఓడి మిగిలిన జాకొబైట్లలో వేలమంది రూథ్వెన్‌లో చేరి రాకుమారుడి మాట కోసం చూశారు. ఎవరి దారి వాళ్ళు చూసుకోమని కబురొచ్చింది. వాళ్ళు బ్యారక్స్‌కు నిప్పుపెట్టి చెదిరిపోయారు. ఇవాళ మనం చూసే మొండిగోడలు ఆ మంట మిగిల్చినవే.

గెలిచిన ప్రభుత్వం తర్వాత చేసిన పనులన్నీ చెప్పడానికి ఇది చోటు కాదు. ఆయుధాలు లాక్కున్నారు. తెగ పెద్దలకు వంశపారంపర్యంగా ఉన్న న్యాయాధికారాలు తీసేశారు. మగవాళ్ళు కొండసీమ దుస్తులు కడితే మొదటిసారి ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళ ప్రవాసం. సైన్యంలో ఉన్నవాళ్ళకు మాత్రం ఆ నిషేధం లేదు. ఈ మినహాయింపు దగ్గరకు నేను మళ్ళీ వస్తాను, నా ఉపన్యాసానికి కీలకం అదే.

కొత్త కోట బాధ్యత విలియం స్కిన్నర్ అనే సైనిక ఇంజనీరుకు అప్పగించారు. మొదట ఇన్వర్నెస్‌లోనే కట్టాలనుకున్నారు. రేవు వాడకం పోతుందని పట్టణ మండలి నష్టపరిహారం అడిగింది. దాంతో స్కిన్నర్ ఆర్డర్సియర్ దగ్గరి నిర్జనమైన నేలముక్క ఎంచుకున్నాడు. అది కల్లోడెన్‌కు పదిమైళ్ళ లోపే. ఎదుటి ఒడ్డుకు నీటి వెడల్పు అక్కడ మైలు మాత్రమే, కాబట్టి ఇన్వర్నెస్‌కు వెళ్ళే ప్రతి ఓడా ఆ ఫిరంగుల కింద నుంచే పోవాలి. నేలవైపు ముట్టడి పడినా సముద్రం మీద తిండీ మందుగుండూ తెచ్చుకోవచ్చు. ముందు ఓడల కోసం ధక్కా కట్టి, తర్వాత దాని మీదుగా రాయీ కలపా దింపుకున్నారు.

నిర్మాణం కాంట్రాక్టు ఎడిన్‌బరోకు చెందిన ఆడమ్ కుటుంబానిది. తండ్రి విలియం ఆడమ్ స్కాట్లండ్‌లో పేరున్న వాస్తుశిల్పి. టే నది మీద అబర్‌ఫెల్డీ వంతెనకు వేడ్ చేత పురమాయింపు పొందిందీ ఆయనే. 1748లో కోట పని మొదలైన ఏడాదే ఆయన పోయాడు. పెద్ద కొడుకు జాన్ ఆ బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. తమ్ముడు రాబర్ట్ కుర్రతనంలో ఈ పనుల్లో చేయి తిప్పుకుని, 1754లో ఇటలీ వెళ్ళి పురాతన రోమన్ కట్టడాలు చదివి, తిరిగొచ్చి బ్రిటన్ వాస్తుశిల్పం నడకనే మార్చేశాడు. సున్నితమైన సున్నపు నగిషీలకు పేరుపడ్డ రాబర్ట్ ఆడమ్ పనిలో ఓనమాలు దిద్దుకున్నది ఫిరంగి బురుజుల మధ్య అన్నది నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఇప్పుడు కోటలోకి నడుద్దాం. నేలవైపు నుంచి వచ్చేవాడికి మొదట గోడ కనిపించదు. గడ్డి మొలిచిన వాలు నేల నెమ్మదిగా పైకి లేస్తూ పోతుంది, దాని వెనక ఇళ్ళ కప్పులూ పొగగొట్టాలూ మాత్రం తొంగిచూస్తాయి. ఆ వాలు కట్టిందే గోడను దాచడానికి. దూరం నుంచి పేల్చిన గుండు మట్టిలో దిగబడాలి గాని రాయికి తగలకూడదు, పైకెక్కి వచ్చే మనిషికి చాటు దొరకకూడదు. వాలు చివరికి వచ్చాక ముక్కోణపు ముందుకోట అడ్డొస్తుంది. దాన్ని దాటితే వెడల్పాటి పొడి అగడ్త, దాని మీద పొడుగాటి కొయ్య వంతెన, వంతెన చివర ఎత్తుడు పలక. ఆ తర్వాతే ప్రధాన ద్వారం, నెత్తిన రెండో జార్జి రాజచిహ్నం. ద్వారానికి అటూ ఇటూ బాణపు మొనల్లాంటి రెండు పెద్ద బురుజులు. ఒకదాని మీద ఫిరంగి రెండోదాని గోడ మొదలును కాపాడుతుంది. వంతెన మీద నిలబడ్డవాడు ఆ రెంటి గురిలోనూ ఉంటాడు, దాక్కోవడానికి జానెడు చోటు ఉండదు. ఈ బురుజుల్లో ఒకటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పేరిట, రెండోది డ్యూక్ ఆఫ్ కంబర్లండ్ పేరిట. కల్లోడెన్ తర్వాత గాయపడ్డవాళ్ళను కూడా బతకనివ్వని సేనాధిపతి కంబర్లండ్. ఆ పేరును ద్వారం పక్కన పెట్టడంలో చుట్టుపక్కల ఊళ్ళకు చెప్పదలచుకున్నదేమిటో దాచుకోలేదు.

ప్రాకారాల ముఖం రాయి, కడుపు మట్టి, నెత్తిన పచ్చిక. పొడవాటి రెండు పక్కలా ప్రాకారం లోపల వరసగా కమాను గదులు కట్టారు. గుండ్లు కురుస్తుంటే సిపాయిలందరూ వాటిలోకి వెళ్ళి తలదాచుకోవాలని. డెబ్బైకి పైగా ఫిరంగులు, మొత్తం విస్తీర్ణం సుమారు 42 ఎకరాలు.

మందుగుండు కొట్టు దగ్గర కాసేపు ఆగాలి. ఫోర్ట్ అగస్టస్‌లో పేలిన గుండును ఇంజనీర్లు మరిచిపోలేదు. రెండున్నర వేల పీపాల మందు పట్టే ఈ కొట్టుకు బాంబు పడ్డా చలించని మందపాటి రాతి కప్పు వేశారు. లోపల నేలకు పరిచిన చెక్కలను ఇనుప మేకులతో కొట్టలేదు, కొయ్య చీలలతో బిగించారు. తలుపులకూ కిటికీ రెక్కలకూ రాగిరేకు తొడిగారు. ఇనుముకు ఇనుము తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, రాగికి లేవదు. గాలి ఆడకపోతే మందు చెమ్మగిల్లుతుంది, కాబట్టి గోడలో సందులు వదిలారు. కానీ బయటి నుంచి నిప్పు తిన్నగా లోపలికి రాకుండా ఆ సందులను వంకర తిప్పారు. కోటలో నాకు అన్నిటికంటే తెలివిగా కనిపించే పని ఇదే.

విశాలమైన కవాతు మైదానం దాటితే బ్యారక్స్ భవనాలు. ఎర్రటి ఇసుకరాయితో, మూడంతస్తులతో, ఒక చౌకం చుట్టూ బారులు తీరి ఉంటాయి. కిటికీల వరసలు ఎంత నిక్కచ్చిగా ఉంటాయో చూస్తే అవి దండు విడిదిలా ఉండవు, అప్పటి జమీందార్ల భవంతుల్లా ఉంటాయి. కొసలకు అధికారుల గదులు, మధ్యలో సిపాయిల గదులు. మొత్తం 1,600 మందికి, అంటే రెండు పదాతి పటాలాలకు చోటు. బయటి నుంచి చూసిన ఠీవి గదిలోకి అడుగుపెట్టగానే మాయమవుతుంది. గదికి ఎనిమిదిమంది, నాలుగు మంచాలు, మంచానికి ఇద్దరు. ఒకటే పొయ్యి. చలి కాచుకున్నా, వంట చేసుకున్నా అక్కడే. భార్యను వెంట ఉంచుకునే అనుమతి కొద్దిమందికే దొరికేది. ఆ దంపతులు అదే గదిలో ఒక మూల దుప్పటి కట్టుకుని, మిగతావాళ్ళ మధ్యే కాపురం చేసేవారు. పిల్లలు పుట్టినా అక్కడే. వాస్తు గురించి రాసేవాళ్ళు ముఖద్వారపు కొలతలు శ్రద్ధగా ఇస్తారు. ఆ దుప్పటి వెనక ఎంత జాగా ఉండేదో కూడా అంతే శ్రద్ధగా రాయాలని నా అభిప్రాయం.

కోట అంచనా ఖర్చు 92,673 పౌండ్ల 19 షిల్లింగుల 1 పెన్నీ. పెన్నీదాకా లెక్క వేసిన ఆ అంచనా చివరికి రెండు లక్షల పౌండ్లు దాటింది. ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. 1769లో పని పూర్తయ్యేసరికి ఎవరి కోసం ఆ బురుజులు లేచాయో ఆ శత్రువు లేడు. ఇప్పటిదాకా ఫోర్ట్ జార్జ్ మీద ఎవరూ దాడి చేయలేదు. అది డబ్బు దండగ అని కొందరు రాస్తారు. నేను అలా అనుకోను. ఆ కోట పని పూర్తిగానే చేసింది, అనుకున్న పని కాకుండా ఇంకొకటి.

దుస్తుల చట్టంలోని మినహాయింపు గుర్తుందా? కొండసీమ మనిషి తన తాతల కిల్టు చట్టబద్ధంగా కట్టుకోగల చోటు 1782దాకా ఒకటే మిగిలింది, రాజుగారి పటాలం. కోట ఇంకా సగం కట్టుబడిలో ఉండగానే, 1757లో సైమన్ ఫ్రేజర్ అనే అతను హైలాండర్ల పటాలాన్ని లేవదీశాడు. అతని తండ్రి లార్డ్ లోవాట్ జాకొబైట్ ద్రోహానికి 1747లో లండన్‌లో తల పోగొట్టుకున్నాడు. పదేళ్ళు తిరగకముందే కొడుకు అదే రాజు కోసం మనుషులను పోగుచేసి కెనడా యుద్ధానికి తీసుకెళ్ళాడు. తర్వాత పటాలం వెనక పటాలం. భూములు గొర్రెల మందలకు పోతుంటే, కౌళ్ళు పెరుగుతుంటే, జీతం రాళ్ళకోసం కుర్రవాళ్ళు వచ్చారు. కొందరిని భూస్వాములు బలవంతంగా పంపారు. వాళ్ళు చేరి, కవాతు నేర్చుకుని, ఓడలెక్కిన చోట్లలో ఫోర్ట్ జార్జ్ ముఖ్యమైనది. తండ్రుల మీద గురిపెట్టిన ఫిరంగుల కింద కొడుకులు మంచానికి ఇద్దరు చొప్పున పడుకున్నారు. అణచడానికి కట్టిన గోడలు ఇముడ్చుకోవడానికి పనికొచ్చాయి. సామ్రాజ్యం ఎలా నడిచిందో తెలియాలంటే ఈ ఒక్క మార్పు అర్థం చేసుకోవాలి.

మన చరిత్ర ఆ కోటను తాకేది ఇక్కడే. 1773 ఆగస్టు 28న రచయితలు శామ్యూల్ జాన్సన్, జేమ్స్ బాస్వెల్ హైలాండ్స్ యాత్రలో భాగంగా ఫోర్ట్ జార్జ్ చూడవచ్చారు. సామగ్రి అధికారి కోటంతా చూపిస్తుంటే జాన్సన్ మందుగుండు తయారీ గురించి తానే ఉపన్యసించాడు. మధ్యాహ్నం విందు ఇచ్చింది అక్కడున్న పటాలం అధిపతి సర్ ఐర్ కూట్. బీడు ఇసుక మీద అంతటి భవనాలు, అలాంటి విందు చూసి బాస్వెల్ మంత్రనగరిలో ఉన్నట్టు మురిసిపోయి రాసుకున్నాడు. ఆ విందు పెట్టిన కూట్ పేరు మనకు కొత్త కాదు. 1760 జనవరి 22న వందవాసి దగ్గర ఫ్రెంచి సేనాని లాలీని ఓడించింది ఆయనే. ఆ యుద్ధంలో బందీగా చిక్కినవాడు బుస్సీ, మూడేళ్ళ ముందు విజయనగరం రాజు పక్షాన బొబ్బిలి కోటను ఫిరంగులతో కొట్టిన బుస్సీ. బొబ్బిలి ఆడవాళ్ళ చితిమంటల గురించి జంగం కథలు విన్న మనకు, బుస్సీని బందీ చేసిన మనిషి స్కాట్లండ్ కోటలో జాన్సన్‌కు వడ్డించిన ఆ మధ్యాహ్నం పరాయి కథ కాదు. కూట్ తర్వాత సర్వసేనానిగా తిరిగొచ్చి, 1781లో పోర్టోనోవో దగ్గర హైదరాలీని ఎదుర్కొని, 1783లో మద్రాసులో కన్నుమూశాడు.

రెండో బంధం ఇంకా గట్టిది. 1793లో సీఫోర్త్ మెకంజీ లేవదీసిన 78వ హైలాండర్ల పటాలం ఫోర్ట్ జార్జ్‌లోనే మొదట సమావేశమైంది. 1797లో ఇండియా చేరింది. 1803 సెప్టెంబరు 23న అస్సాయే దగ్గర బ్రిటిష్ సేనాని వెల్లెస్లీ మరాఠాలతో పోరాడినప్పుడు 78వ, 74వ హైలాండర్లతో భుజం కలిపి నిలబడ్డవి మద్రాసు సైన్యపు సిపాయి పటాలాలు. మద్రాసు సైన్యంలో ఆ రోజుల్లో తెలుగువాళ్ళు చాలామంది ఉండేవారు. ఆ విజయానికి గుర్తుగా హైలాండర్లకు ఏనుగు చిహ్నం ఇచ్చారు. ఇవాళ్టి మన మద్రాస్ రెజిమెంట్ చిహ్నంలోని ఏనుగు కూడా అస్సాయే ఏనుగే. గేలిక్ మాట్లాడే కౌలురైతు కొడుకూ, సర్కారు జిల్లాల నుంచి వెళ్ళిన సిపాయీ ఒకే బురదనేల మీద, ఒకే ఈస్టిండియా కంపెనీ వ్యాపారం కోసం, తమకు ఏ పగా లేని మరాఠాల ఫిరంగులకు ఎదురు నడిచారు.

తర్వాతి కాలం గబగబా చెప్పేస్తాను. 1799 నుంచి 1802దాకా ఐర్లండ్ తిరుగుబాటు నాయకులను ఫోర్ట్ జార్జ్‌లో బంధించారు, వాళ్ళలో థామస్ ఆడిస్ ఎమ్మెట్, ఆర్థర్ ఓకానర్ ఉన్నారు. 1881 నుంచి 1961దాకా అది సీఫోర్త్ హైలాండర్ల స్థావరం. 2007లో బ్లాక్ వాచ్ పటాలం అక్కడికి చేరింది. 2016లో బ్రిటన్ రక్షణ శాఖ 2032 నాటికి ఆ బ్యారక్స్‌ను వదిలేస్తామని ప్రకటించింది. అంత పెద్ద కట్టడం చెక్కుచెదరకుండా మిగలడానికి కారణం అందులో ఎప్పుడూ మనుషులు ఉండటమే. కప్పు కారితే మర్నాడే ఎవరో ఒకరు బాగుచేశారు. రూథ్వెన్‌ను మంట మింగింది, ఫోర్ట్ జార్జ్‌ను వాడుక కాపాడింది. పటాలం వెళ్ళిపోతే ఆ రాయికి వచ్చే ప్రమాదం చిన్నది కాదు.

కోటలో పాత లెఫ్టినెంట్ గవర్నర్ ఇంట్లో ఇప్పుడు హైలాండర్ల మ్యూజియం ఉంది. పతకాలు, జెండాలు, కత్తులు. అవి ఉండాల్సిందే, చచ్చిపోయిన పిల్లల గుర్తులవి. అయితే ఆ పటాలాల పక్కన నడిచిన మద్రాసు సిపాయిల జాడ మన వైపు నుంచే వెతకాలి. మద్రాసు సైన్యం కాగితాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోనూ లండన్‌లోనూ ఉన్నాయి. అస్సాయేలో నిలబడ్డ సిపాయి పటాలాల్లో తెలుగు ఊళ్ళ వాళ్ళెవరు, వాళ్ళ కుటుంబాలకు ముట్టిన పింఛను ఎంత, ఏ కంటోన్మెంటులో ఎలాంటి వరసల్లో బతికారు, ఆ గుడిసెల్లో మనిషికి ఎంత జాగా ఇచ్చారు, ఫోర్ట్ జార్జ్ గదితో పోలిస్తే అది ఎంత? ఈ పని ఒక పరిశోధక విద్యార్థికి నాలుగైదేళ్ళు పడుతుంది. మాస్టారి పేర ఉన్న నిధిలోంచి ఆ విద్యార్థికి వేతనం ఇవ్వాలని నిర్వాహకులను ఈ వేదిక మీద నుంచే అడుగుతున్నాను.